మాస్టారి ఎడమ కాలి కింద

నేను ఒక క్లచ్ పెడల్‌ని. ఆ మాట వినగానే మీరు నన్ను డ్రైవరు కాలి కింద ఊహించుకుని ఉంటారు. అక్కడే పొరబడ్డారు. అక్కడ ఉండేది అసలు పెడల్. దానికో ఫ్యాక్టరీ ఉంది, ఒంటి మీద నంబరు ఉంది. నేను రెండోదాన్ని. డ్రైవింగ్ స్కూలు కార్లలో ఎడమ పక్క సీటు ముందు, నేర్పేవాళ్ళ కాళ్ళ దగ్గర ఉంటామే, ఆ జాతి. నేర్చుకునేవాళ్ళు తప్పు చేస్తే సర్దడానికి మమ్మల్ని బిగిస్తారు. పదకొండేళ్ళు సర్దాను. సర్దీ సర్దీ, చివరికి ఆ బండిని నడిపేది నేనేనని నమ్మేశాను. ఆ నమ్మకం ఎలా ఊడిపోయిందో చెబుతాను, నవ్వుకోండి. నేనూ ఇప్పుడు నవ్వుకుంటూనే ఉన్నాను.

నా వంశం గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. వీరవల్లిపేటలో కాలవ గట్టు మీద సోమాచారి అనే ఆయన వెల్డింగు షాపులో పుట్టాను. నా కాడ ఒక పాత ఇనప మంచం పట్టీ. నా పాదం ఎవరూ తొక్కని రిక్షా నుంచి ఊడదీసిన తొక్కుడు పలక. దాని మీద కాలు జారకుండా అరిగిపోయిన టైరు ముక్క ఒకటి మేకులతో కొట్టారు. మంచమూ రిక్షా కలిసి నన్ను కన్నాయన్నమాట. పడుకునే గుణం ఒకరిది, తొక్కించుకునే గుణం ఒకరిది. రెండూ నాకు బాగానే అబ్బాయి.

"గట్టిగా అతికానండి మాస్టారూ. బండి పోయినా ఇది పోదండి" అన్నాడు సోమాచారి, నన్ను నీళ్ళలో ముంచి తీస్తూ.

పుట్టగానే నా చెవిన పడ్డ మొదటి మాట అది. పసితనంలో అలాంటి మాటలు వినకూడదు.

ఆ మాస్టారి పేరు తాతారావు. పాతికేళ్ళు లారీ తోలి, నడుం నొప్పి పట్టుకుని మానేసి, ఒక పాత తెల్ల కారు కొని డ్రైవింగ్ స్కూలు పెట్టాడు. బక్కపలచటి మనిషి. భుజం మీద తువ్వాలు, జేబులో సోంపు పొట్లం. ఎవర్నీ ఒక్క మాట అనలేడు. ఆ మెత్తదనమే ఈ కథకంతా మూలం.

నన్ను బిగించిన పద్ధతి చెబితే మిగతాది మీకే అర్థమవుతుంది. నా కాడకి అడుగు పొడుగు ఇనప రాడ్డు ఒకటి తగిలించి, దాని రెండో కొస అసలు పెడల్‌కి కలిపారు. మాస్టారు నన్ను తొక్కితే అక్కడ అసలు పెడల్ కూడా దిగుతుంది. ఆయన కాలు తీసేదాకా అది పైకి రాదు. కారు నేర్చుకునేవాళ్ళ కష్టమంతా ఉన్నది ఆ క్లచ్ దగ్గరే కదా. స్టీరింగు రెండు రోజుల్లో వచ్చేస్తుంది, గేర్లు నాలుగు రోజుల్లో వచ్చేస్తాయి. క్లచ్ మీద నుంచి కాలు మెల్లగా తియ్యడం మాత్రం ఒక పట్టాన రాదు. గభాలున తీస్తే బండి ఎగిరిపడి ఆగిపోతుంది. భయపడి తియ్యకపోతే ఇంజను అరుస్తుంది తప్ప బండి కదలదు. ఆ రెండింటికీ మధ్య ఎక్కడో ఒక చోటుంది. దాన్ని ఎవరి కాలికి వాళ్ళు వెతుక్కోవాలి.

మా స్కూల్లో ఎవరూ వెతుక్కోలేదు. ఎందుకంటే మాస్టారి మొదటి శిష్యుడు విశ్వపతిగారనే రిటైరైన లెక్కల టీచరు. మూడో రోజున కూరగాయల మార్కెట్టు ముందు ఆయన చేతిలో కారు పదకొండు సార్లు ఆగిపోయింది. పక్కన బజ్జీల బండివాడు పైకే లెక్కపెట్టాడు. పన్నెండోసారి ఆగగానే మార్కెట్టంతా ఒక్క గొంతుతో "పన్నెండూ" అంది. నలభై ఏళ్ళు పిల్లల చేత ఎక్కాలు చెప్పించిన పెద్దమనిషి తలుపు తీసుకుని దిగి, కండువా దులుపుకుని, ఇంటికి నడిచి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆ రోజు తాతారావు మాస్టారు అన్నం తినలేదు. ఆ మర్నాడే సోమాచారి దగ్గరికి వచ్చి నన్ను పుట్టించాడు.

అప్పట్నుంచి మా బండి ఎవరి చేతిలోనూ ఆగలేదు. శిష్యుడు క్లచ్ వదలబోతున్నాడనగానే మాస్టారి ఎడమ కాలు నా మీద ఉండేది. అవతల వాళ్ళు గబుక్కున కాలెత్తేసినా, ఇక్కడ మేమిద్దరం మెల్లగా, పాల గిన్నె దించినట్టు, క్లచ్‌ని వదిలేవాళ్ళం. బండి హాయిగా కదిలేది. "అబ్బో, చెయ్యి తిరిగిపోయిందండీ మీకు" అనేవాడు మాస్టారు. శిష్యుడు వెనక్కి వాలి కూర్చునేవాడు. కింద చీకట్లో నేను ఒళ్ళు విరుచుకునేదాన్ని. తిరిగింది ఎవరి చెయ్యో నాకు తెలుసు మరి.

పరీక్ష కూడా నేనే రాసేదాన్ని. పరీక్ష పెట్టే అధికారి మంచివాడే. వెనక సీట్లో కూర్చుని స్టీరింగు చూసేవాడు, సిగ్నలు చూసేవాడు, అద్దంలో చూసుకుంటున్నారా లేదా చూసేవాడు. పక్క సీటు కింద మాస్టారి కాలేం చేస్తోందో తొంగి చూడాలని ఆయనకి తోచలేదు. అలా నేను మూడొందల పన్నెండు సార్లు పాసయ్యాను. లైసెన్సుల మీద ఫోటోలు మాత్రం వేరేవాళ్ళవి పడ్డాయి.

ఆ లైసెన్సులు పట్టుకుని వెళ్ళినవాళ్ళ సంగతి తర్వాత తెలిసింది. మా దగ్గర ఇరవై రోజులు నేర్చుకునేసరికి అందరికీ ఒక అలవాటు పడేది. బండి ఏమాత్రం కుదిపినా "మాస్టారూ!" అని అరిచేవాళ్ళు. అరవగానే పెడల్ దిగేది, బండి సర్దుకునేది. దాంతో వాళ్ళ ఒంట్లో ఎక్కడో, ఆ అరుపు కూడా బండి నడపడంలో ఒక భాగమని నాటుకుపోయింది. బంగారం కొట్టు మల్లేశ్వర్రావు కొత్త కారు కొనుక్కుని, పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించబోతూ "మాస్టారూ!" అని కేకేసి కాలు వదిలేశాడు. మాస్టారు అప్పుడు రెండు వీధుల అవతల టీ తాగుతున్నాడు. కారు నిమ్మకాయల్నీ, కొబ్బరికాయ కొట్టిన రాయినీ, కొట్టు షట్టర్నీ తొక్కేసింది.

అంత జరిగినా ఎవరూ మాస్టార్ని అనుమానించలేదు. అందరూ తమ బండ్లనే తిట్టారు. మల్లేశ్వర్రావు షోరూముకి వెళ్ళి, "మాస్టారి కారు క్లచ్ దానంతటదే దిగుతుంది, మెల్లగా లేస్తుంది. అంత పాత బండికే ఉన్న సుఖం మీ కొత్త బండికి లేకపోవడమేంటి?" అని నిలదీశాడు. వాళ్ళు రెండుసార్లు క్లచ్ విప్పి చూశారు. ఆయన తర్వాత ఇంకో ఇద్దరు వెళ్ళి అదే ఫిర్యాదు చేశారు. ఆ కబుర్లు మా బండిలోనే విన్నాను. విని గాల్లో తేలిపోయాను. మంచం పట్టీకి కళ్ళు నెత్తికెక్కితే ఎలా ఉంటుందో అప్పుడు నన్ను చూడాల్సింది.

అలాంటి రోజుల్లో, ఒక మే నెల పొద్దున, కనకరత్నం వచ్చింది.

నలభై రెండేళ్ళు ఉంటాయి. చీర కొంగు నడుముకి బిగించి, గోళ్ళలో మట్టితో వచ్చింది. ఊరి చివర ఆమెకీ ఆమె భర్త అబ్బులుకీ ఒక చిన్న మొక్కల నర్సరీ ఉంది. మామిడి, సపోటా, జామ అంట్లు ఆమె కడుతుంది. వాటిని వ్యానులో వేసుకుని మెట్ట ఊళ్ళ సంతలకి అబ్బులు తీసుకెళ్ళేవాడు. రెండేళ్ళ కిందట అతనికి పక్షవాతం వచ్చింది. చెయ్యీ మూతీ తిరిగి సర్దుకున్నాయి కానీ ఎడమ కాలు మాత్రం రాలేదు. తర్వాత ఇద్దరు డ్రైవర్లని పెట్టుకున్నారు. ఒకడు బండిని కుదిపి కుదిపి సగం అంట్లు ఊడగొట్టాడు. రెండోవాడు చెప్పకుండా మానేశాడు. వ్యాను చెట్టు కింద నిలబడిపోయింది.

"తొలకరికి ఎల్లాలండి మాస్టారూ" అంది మొదటి రోజే. "నాలుగు వేల మొక్కలున్నాయండి కవర్లలో. ఈ వానలు దాటితే వేళ్ళు కవర్లు చించుకుని భూమిలోకి దిగిపోతాయి. అప్పుడు పీకితే బతకవండి. రెండేళ్ళ కష్టం అది."

"ఎందుకెల్లవమ్మా, ఇరవై రోజుల్లో రోడ్డు మీదుంటావు" అన్నాడు మాస్టారు. నేను కింద నుంచి తల ఊపాను. మూడొందల పదమూడు అనుకున్నాను.

మూడో రోజున ఆమె చెప్పులు విప్పి వెనక పడేసింది. చెప్పులతో ఏమీ తెలియడం లేదంది. నాకు ఆ క్షణమే ఎందుకో బాగనిపించలేదు. వట్టికాలికి అన్నీ తెలుస్తాయి. రెండు వీధులు దాటామో లేదో, ఆమె బండి పక్కకి తీసి ఆపింది.

"మాస్టారండీ, నా కాలు పైకి లేచినా పెడలు పైకి రావట్లేదేంటండీ?"

"పాత బండమ్మా. కొంచెం బద్ధకం దానికి."

"బద్ధకమా?" అంటూ ఆమె వంగి చూసింది. పక్కకి వంగి ఇటు చూసింది. మాస్టారి హవాయి చెప్పు కింద నేను దొరికిపోయాను. పదకొండేళ్ళలో ఒక శిష్యురాలితో నా చూపు కలవడం అదే మొదటిసారి.

"ఇదేంటండీ?"

"అదా... అది... జాగ్రత్త కోసమమ్మా. నువ్వేమన్నా కంగారు పడితే నేను తొక్కుతాను."

"నేను కంగారు పడలేదు కదండీ. మరెందుకు తొక్కారు?"

మాస్టారు జేబులోంచి సోంపు తీసి నోట్లో వేసుకున్నాడు. జవాబు లేనప్పుడు ఆయన చేసే పని అది.

కనకరత్నం కోప్పడలేదు. మెల్లగా చెప్పింది. "మా వ్యానులో ఆ పక్క సీట్లో మా ఆయన కూచుంటాడండి. ఆయనకి ఎడం కాలే పన్జెయ్యదు. అక్కడ ఇలాంటి పెడలు పెట్టినా తొక్కేవోళ్ళు లేరండి."

ఆ మాటతో ఒప్పందం కుదిరింది. మాస్టారు ఎడమ కాలు మడిచి సీటు మీద పెట్టుకోవాలి. కుడి కాలు మాత్రం తన వైపు బిగించిన రెండో బ్రేకు మీద ఉంచుకోవచ్చు. మొదటి రోజంతా ఆయన అలా సగం బాసింపట్టు వేసుకుని, వ్రతంలో కూర్చున్నట్టు ఊరంతా తిరిగాడు. బండి ఇరవై మూడు సార్లు ఆగిపోయింది. బజ్జీల బండి దగ్గర మళ్ళీ లెక్క మొదలైంది. మాస్టారి మొహం మాడిపోయింది. కనకరత్నం మాత్రం "ఎనిమిదా, తొమ్మిదా బాబూ?" అని బజ్జీలవాణ్ణే అడిగి మళ్ళీ తాళం తిప్పింది.

అప్పుడే మాస్టారికి ఇంకో చిక్కు వచ్చిపడింది. క్లచ్ ఎలా వదలాలో ఆమె అడిగింది. ఆయనకి పదకొండేళ్ళుగా ఎవరికీ చెప్పాల్సిన అవసరమే పడలేదు. గాల్లో కాలు ఆడించి చూసుకుని చెప్పాడు.

"మెల్లగా తీస్తుంటే ఒక చోట ఇంజను గొంతు కొంచెం తగ్గుద్దమ్మా. బండి ముక్కు ఎత్తినట్టవుద్ది. అక్కడ కాలు ఆపాలి. బండి కదిలాకే మిగతాది వదలాలి."

"అంటుకి తాడు కట్టినట్టన్నమాట" అంది ఆమె. "ఎక్కువ బిగిస్తే కొమ్మ నలిగిపోద్ది, తక్కువైతే అతుక్కోదు."

రెండు రోజుల్లో సమంగా ఉన్న రోడ్డు మీద ఆమెకి పట్టు దొరికింది. నేను తుప్పు పడతానేమోనని భయపడుతూ, "రానీ, రైలు వంతెన రానీ" అనుకున్నాను. అప్పుడు అందరూ నన్నే పిలుస్తారు.

మా ఊరు దాటి మెట్టకి వెళ్ళాలంటే రైలు పట్టాల మీద కట్టిన వంతెన ఒక్కటే దారి. నిటారుగా ఉంటుంది. పొద్దున పూట దాని నడుం మీద ఎప్పుడూ బండ్లు ఆగిపోయి ఉంటాయి. ఎక్కేవాళ్ళు ఆ వాలులో ఆగి, మళ్ళీ కదలాలి. తొమ్మిదో రోజున మేం అక్కడ ఆగాం. ముందు కొబ్బరికాయల లారీ, వెనక చేపల బుట్టలతో ఆడవాళ్ళు ఎక్కిన ఆటో. లారీ కదిలింది. కనకరత్నం బ్రేకు మీద నుంచి కాలు తీసింది, క్లచ్ దొరకలేదు, కారు వెనక్కి జారింది. ఆటోలో ఆడవాళ్ళు గోల పెట్టారు.

"మాస్టారూ!" అంది ఆమె.

ఎంత తియ్యగా వినిపించిందో నాకా పిలుపు! మాస్టారి మడత కాలు నా మీదకి దూకింది. ఇద్దరం కలిసి బండిని పట్టుకుని, లాగి, వంతెన దాటించాం. నేను గర్వంతో ఊగిపోతున్నాను. దిగువన ఆమె బండి ఆపింది.

"మీరున్నంతకాలం నాకు రాదండి" అంది. చెప్పులు తొడుక్కుని దిగిపోయింది. విశ్వపతిగారు వెళ్ళిన రోజు ఇలాగే ఉండి ఉంటుంది. ఆయన్ని బండి ఆగిపోయి పంపించింది, ఈమెని బండి ఆగకుండా చేసి మేం పంపించాం.

ఒక రోజు రాలేదు. రెండో రోజూ రాలేదు. మూడో రోజు మాస్టారు తనే బండి తీసుకుని నర్సరీకి వెళ్ళాడు. కంచె పక్కన నిలిపి, తలుపు తెరిచి ఉంచి దిగాడు కాబట్టి నేను అన్నీ విన్నాను. అబ్బులు మంచం మీద కూర్చుని తాళ్ళు చీలుస్తున్నాడు. చుట్టూ నాలుగు వేల మొక్కలు. పడమటి వైపు ఆకాశం కొంచెం నల్లబడి ఉంది.

"రండి మాస్టారూ" అన్నాడు అబ్బులు. "నవ్వొస్తదండి నాకు. గేర్లేత్తాను, బ్రేకేత్తాను, రివర్సులో సందులు తిప్పుతాను. నేను తొక్కలేనిదల్లా ఆ ఒక్క క్లచ్చేనండి. మిగతా బండంతా వచ్చు."

కనకరత్నం మొక్కల మధ్య నుంచి లేవకుండానే అంది. "ఈయన కాడ లేందీ ఆ ఒక్కటేనండి. మీరు నాకు నేర్పందీ ఆ ఒక్కటేనండి."

మాస్టారు సోంపు కోసం జేబులో చెయ్యి పెట్టి, ఉత్త చేత్తో తీశాడు. "రేపు రా అమ్మా" అన్నాడు. "తొక్కను. ఒట్టు." ఆమె నమ్మినట్టు కనిపించలేదు. నేనైతే అసలు నమ్మలేదు. ఆ కాలిని నాకంటే ఎరిగినవాళ్ళెవరు?

ఆ కాలిని మాస్టారు కూడా నమ్మలేదు. మర్నాడు పొద్దున్నే, ఆమె రాకముందే, పానా పట్టుకుని సీటు కింద దూరాడు. అరవై దాటిన నడుం, మూలుగుతూనే ఉన్నాడు. రెండు బోల్టులు ఊడదీసి రాడ్డు లాగేశాడు. దాన్ని తువ్వాల్లో చుట్టి సీటు కింద పెట్టాడు. బ్రేకు జోలికి పోలేదు. నన్ను ఉన్నచోటే వదిలేశాడు. చూడ్డానికి నేను మునుపటిలాగే ఉన్నాను. తొక్కితే దిగుతాను, వదిలితే లేస్తాను. దేనికీ కలిసి లేను, అంతే. తల కొట్టేసినట్టయింది నాకు. పదకొండేళ్ళు బండి నడిపాననుకున్న నా గొప్పంతా అడుగు పొడుగు రాడ్డులో ఉందని ఆ పొద్దున తెలిసింది.

ఆమె వచ్చింది. నేరుగా వంతెన మీదకి పోనిచ్చింది. సరిగ్గా నడుం మీద ముందు బండ్లు ఆగాయి. ఈసారి వెనక ఆటో లేదు, స్కూలు పిల్లలు కిక్కిరిసిన వ్యాను ఉంది. మాస్టారి చొక్కా చెమటతో తడిసిపోయింది. ముందు బండి కదిలింది.

కనకరత్నం కుడి కాలు బ్రేకు మీదే ఉంచి, ఎడమ కాలు ఎత్తడం మొదలుపెట్టింది. కారు కాస్త వణికిందో లేదో "మాస్టారూ!" అంది. అనుకుని అనలేదు, అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. మాస్టారి ఎడమ కాలు కూడా అలవాటుగానే వచ్చి నన్ను దభీమని నేలకి తొక్కేసింది. రాడ్డు తీసింది ఆయనే. ఆ సంగతి ఆయన తలకి తెలుసు, కాలికి తెలియదు. నేను నేలకి అతుక్కుపోయాను. అతుక్కుపోయి, జన్మలో మొదటిసారి, చేతకానిదానిలా పడి ఉండి విన్నాను.

ఇంజను గొంతు తగ్గింది. బండి ముక్కు ఎత్తింది. అక్కడ ఒక కాలు ఆగింది. నాది కాదు, మాస్టారిది కాదు. బ్రేకు వదలగానే కారు వెనక్కి జారలేదు. ఒక్క క్షణం వాలు మీద నిలబడి, మెల్లగా, ఒక్క కుదుపు కూడా లేకుండా ముందుకి కదిలింది.

దిగువకి వెళ్ళగానే ఆమె బండి ఆపి మాస్టారి మీద విరుచుకుపడింది. కళ్ళల్లో నీళ్ళు. "మళ్ళీ తొక్కారు కదండీ! చప్పుడు ఇన్నాను. ఒట్టేశారు కూడా!"

"తొక్కానమ్మా" అన్నాడు మాస్టారు తల వంచుకుని. సీటు కింద నుంచి తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుని విప్పాడు. "ఇదిగో, రాడ్డు ఇక్కడుంది."

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. వంగి, నన్ను చేత్తో నొక్కింది. నేను లొడలొడమని ఊగాను. తన వైపు పెడల్ చూసుకుంది. అది కదల్లేదు. మళ్ళీ నన్ను నొక్కింది. నవ్వు మొదలైంది ఆమెకి. నవ్వుతూ నవ్వుతూ కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది. మాస్టారు కూడా కళ్ళు తుడుచుకున్నాడు. నాకు కన్నీళ్ళు రావు కాబట్టి పరువు దక్కింది.

వారం తర్వాత పరీక్షలో ఆమె పాసైంది. నా లెక్క మూడొందల పన్నెండు దగ్గరే ఆగిపోయింది. ఆ సాయంత్రమే మాస్టారు బండిని సోమాచారి దగ్గరికి తీసుకెళ్ళి, బ్రేకు ఉంచి నన్ను ఊడదీయమన్నాడు. పాత శిష్యులు కనిపిస్తే "ఒక్క నాలుగు రోజులు మళ్ళీ రండి, ఒక పాఠం మిగిలిపోయింది" అని చెప్పడం మొదలుపెట్టాడు. మొదట వచ్చినవాడు మల్లేశ్వర్రావు. మొదటి రోజే తొమ్మిదిసార్లు బండి ఆపేసి, షోరూమువాళ్ళకి క్షమాపణ చెప్పాలని తేల్చుకున్నాడట.

నన్ను మాస్టారు సంచిలో వేసుకుని పాత ఇనప సామాను కొట్టుకి బయలుదేరాడు. జూన్ రెండో వారం, మబ్బు పట్టి సన్నగా చినుకులు పడుతున్నాయి. వెనక నుంచి హారను వినిపించింది. మొక్కలు నిండా ఎక్కించిన వ్యాను. స్టీరింగు దగ్గర కనకరత్నం, ఎడమ కిటికీ పక్క అబ్బులు.

"ఎక్కండి మాస్టారూ, మొదటి లోడు. వంతెన దాకానన్నా రండి" అన్నాడు అబ్బులు. మాస్టారు మధ్యలో ఇరుక్కుని కూర్చున్నాడు. ఆమె గేరు మార్చినప్పుడల్లా మోకాళ్ళు ముడుచుకుంటున్నాడు. నేను ఆయన ఒళ్ళో సంచిలో ఉన్నాను.

వంతెన నడుం మీద బండ్లు ఆగిపోయి ఉన్నాయి. వ్యాను ఆగింది. వెనక మొక్కలు ఒకదానికొకటి ఆనుకుని సర్దుకున్నాయి. రోడ్డు తడిగా ఉంది. ముందు బండి కదిలింది. సంచి నోట్లోంచి నాకు కింద రబ్బరు పట్టా కనిపిస్తోంది. మాస్టారి ఎడమ కాలు క్లచ్ కోసం ఆ పట్టాని తొక్కేస్తోంది. దాని పక్కనే అబ్బులు కుడి కాలు బ్రేకు కోసం అదే పట్టాని తొక్కేస్తోంది. ఇద్దరు డ్రైవర్లు, చెరో కాలు పెట్టి, ఏమీ లేనిచోట ఒక బండిని ఆపుతున్నారు. నా గురించి నాకే అప్పుడు సరిగ్గా తెలిసింది. నేను చేసిన పనీ ఇంతే.

కనకరత్నం రోడ్డు మీద నుంచి కళ్ళు తిప్పలేదు.

"ఇద్దరూ కాళ్ళు పైకెట్టుకోండి" అంది.

పెట్టుకున్నారు. వ్యాను కదిలింది. ఒక్క మొక్క కూడా ఒరగలేదు.

వంతెన దిగాక మాస్టారు ఇనప కొట్టు దగ్గర ఆపమన్నాడు. సంచిలో ఏముందని ఆమె అడిగింది. ఆయన సిగ్గుపడుతూ నన్ను బయటికి తీశాడు. ఆమె నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, భర్త కాళ్ళ వైపు చూసి, నవ్వింది. "కొట్టుకెందుకండీ. సోమాచారిగారితో చెప్పి ఇదిగో ఈయన ముందు బిగించెయ్యండి. దేనికీ కలపొద్దు. తొక్కుకుంటాడు."

అలా మళ్ళీ కొలువు దొరికింది. ఇప్పుడు నేను ఆ వ్యానులో ఎడమ సీటు ముందు ఉంటాను. రాడ్డు లేదు, ఒక చిన్న స్ప్రింగు మాత్రం ఉంది. వంతెన వచ్చినప్పుడల్లా అబ్బులు కుడి కాలితో నన్ను గట్టిగా తొక్కుతాడు. నేను ఎంతో బాధ్యతగా దిగుతాను. మా ఇద్దరికీ కాస్త ధైర్యంగా ఉంటుంది. కనకరత్నం మమ్మల్ని పట్టించుకోదు.

ఈ మధ్య అతను ఇంకో పని మొదలుపెట్టాడు. దారి బాగున్నచోట, ఆమె చూడనప్పుడు, ఎడమ కాలిని రెండు చేతులతో ఎత్తి నా మీద పెట్టుకుంటాడు. పెట్టుకుని పళ్ళు బిగిస్తాడు. చాలా వారాలు నాకు దాని బరువు తప్ప ఇంకేమీ తెలియలేదు. నిన్న సపోటా మొక్కలతో వెళ్తుంటే మాత్రం ఆ కాలి కింద నేను అర అంగుళం దిగాను. అబ్బులు ఉలిక్కిపడి, "ఏమేవ్, తొక్కానే!" అని అరిచాడు.

కనకరత్నం అద్దంలో చూసుకుని గేరు మార్చింది. వ్యాను ఏమీ తెలియనట్టు తన మానాన తను వెళ్తూనే ఉంది. ఆమె మాత్రం, "ఇంకోసారి తొక్కు" అంది.